లస్కరు గారి అమ్మాయి రాసుకున్న డిగ్రీ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, కోనసీమలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు నన్ను అకడమిక్ కోఆర్డినేటర్‌గా వేశారు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. కోఆర్డినేటర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. ప్రిన్సిపాల్ గారికీ విశ్వవిద్యాలయానికీ మధ్య తిరిగే ప్రతి కాగితం తయారుచేసి, కింద చిన్న సంతకం పెట్టే మనిషి. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఏ మాట రాస్తే కదులుతుందో నాకు తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదని నాకో ధీమా ఉండేది. ఆ ధీమా ఎలా దిగిందో చెబుతాను.

ఆ ఏడాదే విశ్వవిద్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. మొదటి సంవత్సరం పూర్తిచేసిన విద్యార్థి ఇష్టమైతే తన డిగ్రీని తానే రూపొందించుకోవచ్చు. కనీసం మూడు శాఖల నుంచి పేపర్లు ఎంచుకోవాలి, వాటిని ఎందుకు కలుపుతున్నాడో రాయాలి, ఆయా శాఖల అధిపతుల సమ్మతి తీసుకోవాలి. కళాశాల దాన్ని లేఖతో పంపితే, పాఠ్యప్రణాళికలు ఖాయం చేసే బోర్డు నిర్ణయిస్తుంది. ఒక విద్యార్థికి ఒక్కసారే అవకాశం. మూడో సెమిస్టరు మొదలైతే ఇక ఉన్న కోర్సే గతి. మేం దాన్ని నోటీసు బోర్డుకు అంటించి మా పనుల్లో పడిపోయాం. ఎవరూ రారనే నా నమ్మకం.

ఒక అమ్మాయి వచ్చింది. పేరు వీరవేణి, బి.ఎస్సీ. కెమిస్ట్రీ. వాళ్లది ముమ్మిడివరం అవతల కాలువ చివరి ఊరు. నాన్న నీటిపారుదల శాఖలో లస్కరు, అంటే కాలువ తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగి. ఆమె చేతిలో పన్నెండు ఠావులు, సొంత దస్తూరీ. కెమిస్ట్రీ, భూగోళశాస్త్రం, ప్రభుత్వ పాలన, మూడూ కలిపి ఒక డిగ్రీ. ఎందుకమ్మా ఈ కలగాపులగం అన్నాను.

"నీళ్లు పరీక్ష చేసే ఆయనకి చట్టం తెల్దండీ. చట్టం తెలిసిన ఆయనకి మా ఊరు ఎంత పల్లమో తెల్దండీ. పల్లం తెలిసిన మా నాన్నగారి మాట ఎవరూ వినరండీ. మజ్జిలో మా చేలు ఉప్పెక్కిపోతన్నాయండీ," అంది.

కాలువ చివరన ఉండే శివారు పొలాల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువలోకి ఉప్పునీరు ఎదురొస్తుంది. రొయ్యల చెరువుల నీళ్లూ అందులోకే వదులుతారు. పై నుంచి మంచినీరు సరిగా వస్తేనే చేనుకు తెరిపి. ప్రతి సార్వా పంటకీ తూము దగ్గర రైతులకూ చెరువుల వాళ్లకూ గొడవే. ఆ గొడవ విప్పగల చదువు ఏ శాఖలోనూ లేదని పందొమ్మిదేళ్ల పిల్ల కనిపెట్టింది. నాకు ముచ్చటేసింది. మూడు శాఖల సమ్మతీ దగ్గరుండి ఇప్పించాను. పైకి పంపే లేఖ నేనే రాశాను.

ఇక్కడ మా ఆఫీసుల అలవాటు ఒకటి చెప్పాలి. ఏ సిఫారసు లేఖ రాసినా చివర ఒక జాగ్రత్త వాక్యం తగిలిస్తాం. రేపు ఎవరైనా ఇదేమిటని నిలదీస్తే చేతులు దులుపుకోవడానికి. నేనూ తగిలించాను: "ఆమోదంలో ఇబ్బంది ఉన్నచో, విద్యార్థినిని ప్రస్తుత కోర్సులోనే కొనసాగించగలము." రాస్తున్నప్పుడు దాన్ని గురించి క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే రాసింది.

పది రోజులకు జవాబొచ్చింది. "కళాశాల సూచించిన ప్రకారం విద్యార్థినిని ప్రస్తుత కోర్సులోనే కొనసాగించవలసినది." అంతే! పన్నెండు ఠావుల ఊసే లేదు.

వీరవేణిని పిలిచి, బోర్డు ఒప్పుకోలేదమ్మా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫైలు చూడొచ్చాండీ అని అడిగింది. విద్యార్థులెవరూ అలా అడగరు. కాదనడానికి కారణం దొరక్క ఇచ్చాను. నిలబడే చదివింది. నా వాక్యం దగ్గర వేలు ఆగింది.

"మేడంగారూ, ఇది మీరే రాసేరాండీ?"

అది ఆఫీసు పద్ధతి అన్నాను. అందరికీ అలాగే రాస్తాం అన్నాను.

"నా కోసం అడిగేరనుకున్నానండీ. వద్దనమని మీరే దారి చూపించేరండీ," అంది. గొంతు పెంచలేదు, అదే నాకు మరీ మంట. పోనీ ఆక్వాకల్చర్ తీసుకోమ్మా, ఉద్యోగాలు బాగున్నాయి అన్నాను. ఆ పిల్లకి కళ్లు ఎర్రబడ్డాయి. "అందులో చెరువు బాగుండటం ఎలాగో చెప్తారండీ. చెరువు పక్క చేను సంగతి ఎవరు చెప్తారండీ? నేను తీసుకోనండీ." ఫైలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

సిగ్గేసింది. సిగ్గు వెనకే ఒళ్లు మండింది, ముందు నా మీద, తర్వాత ఆ జవాబు రాసినవాళ్ల మీద. ఆ సాయంత్రమే మరో లేఖ రాశాను: "మా మొదటి లేఖలోని చివరి వాక్యం అనాలోచితంగా రాసినది. దానిని ఉపసంహరించుకుంటున్నాము. ప్రతిపాదనను పూర్తిగా చదివి, విద్యార్థినిని విచారించి నిర్ణయించగోరుతున్నాము." ప్రిన్సిపాల్ గారు చూసి తల పట్టుకున్నారు. "రెండేళ్లలో రిటైరవుతన్నారు, మీకెందుకండీ ఇది? తప్పు రాశానని మీ చేత్తో మీరే రాసిస్తే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుద్దండీ," అన్నారు. ఎక్కనివ్వండి అన్నాను. పాపం, మంచివారు. నిట్టూర్చి సంతకం చేశారు.

సెమిస్టరు మొదలవడానికి నాలుగు రోజుల ముందు బోర్డు మా ఇద్దరినీ పిలిచింది. డీన్ గారు, ఆయన పక్కన మూడు శాఖల ఆచార్యులు. పదిహేను రోజుల్లో కళాశాల అభిప్రాయం ఎందుకు మారిందన్నది మొదటి ప్రశ్న. మారలేదండీ, మొదటిసారి భయపడుతూ రాశాం, ఈసారి భయం లేకుండా రాశాం అన్నాను. డీన్ గారి ముఖం చిట్లింది. ఒకాయన, ఈ డిగ్రీ ఏ శాఖకు చెందుతుందో చెప్పకపోతే కోడ్ ఇవ్వలేం, కోడ్ లేకపోతే హాల్ టికెట్ ఎలా వస్తుంది అన్నారు. అబ్బో, ఎంత కష్టమొచ్చింది! ఒక పిల్ల చదువు హాల్ టికెట్ అచ్చువేసే యంత్రం దగ్గర ఆగిపోవాలి కాబోలు. అంత మాటా పైకి అనలేదు గానీ, కోడ్ పిల్లల కోసమా, పిల్లలు కోడ్ కోసమా అని మాత్రం అడిగాను. అసలు ఇంత చిన్న విషయానికి డిగ్రీ దేనికి అన్నారు రెండో ఆయన.

అప్పుడు వీరవేణి సంచిలోంచి ఒక కాగితం తీసింది. చివరి సెమిస్టరుకు మాదిరి ప్రశ్నపత్రం. తనే తయారుచేసుకుంది. నాకూ చూపించలేదు. మొదటి ప్రశ్న డీన్ గారే పైకి చదివారు: పౌర్ణమి పోటుకు మురుగు కాలువ ఎదురు తన్నినప్పుడు, శివారు చేలో ఉప్పు తగ్గాలంటే పై తూము ఎంతసేపు తెరిచి ఉంచాలి? తెరవమని ఆదేశించే అధికారం ఎవరిది?

కెమిస్ట్రీ ఆచార్యులు ఉప్పు కొలిచే పద్ధతి చెప్పి ఆగారు. భూగోళశాస్త్రం ఆయన పోటు గురించి, పల్లం గురించి చెప్పి ఆగారు. పాలనాశాస్త్రం ఆయన నీటి సంఘాల నిబంధన ఒకటి చెప్పారు. మిగతాది ఎవరు చెప్పాలో తెలియక ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. డీన్ గారు కాగితం కిందపెట్టి, "నువ్వు చెప్పగలవా అమ్మా?" అన్నారు.

"సగం చెప్పగలనండీ. మిగతా సగం నేర్పమనే కదండీ వచ్చేను."

ముగ్గురు ఆచార్యులూ కలిసి పేపర్లు దిద్దాలనే షరతు మీద బోర్డు ఆమోదించింది. నాకు మాత్రం ఆ నెలాఖరున మెమో వచ్చింది. మొదటి లేఖను అనాలోచితంగా రాసినందుకు సంజాయిషీ ఇవ్వమని. "ఆరోపణ నిజము. సంజాయిషీ లేదు," అని ఒక్క ముక్క రాసి పంపాను. అది నా సర్వీసు రిజిస్టరులో ఇప్పటికీ ఉంది. ఉండనీ.

వీరవేణి డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు వాళ్ల నీటి సంఘం సమావేశాలకు ఆమెను పిలుస్తున్నారు. పిలవని చోటికి తనే వెళ్తోంది.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది ఒకటే. పైవాళ్లు కాదంటారేమోనని వాళ్లకు ముందుగానే దారి రాసిపెట్టే ఉద్యోగి, వాళ్లకన్నా ముందు తానే కాదన్నట్టు. ముప్ఫై ఏళ్లలో ఆ వాక్యాన్ని ఎందరి కాగితాల కింద రాశానో నాకు గుర్తులేదు. వాళ్లందరిలో ఫైలు చూపించమని అడిగింది వీరవేణి ఒక్కతే.