చీరల కంచె విప్పించినవాణ్ణి

మొన్న ఆదివారం పొద్దున బడంగ్‌పేట్‌లోని మా అమ్మాయి ఇంట్లో పేపరు చదువుకుంటుంటే, మనవరాలు తన ఫోను తెచ్చి నా కళ్లద్దాలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, వేసవి సెలవుల్లో ఎక్కడో అడవి పక్కన వాళ్లు దిగబోయే గది చూడమంది. మట్టి గోడలు, పెంకుల కప్పు, అరుగు మీద లాంతరు. "తాతా, ఏసీ కూడ ఉండదంట, మస్తుంటది" అని ఆ పిల్ల సంబరపడుతుంటే నాకు నవ్వు వచ్చింది. ఓసి పిచ్చిదానా, అటువంటి గదులు నాలుగు మీ తాత కట్టించాడే, ఆ ముచ్చట కోసం సొంత అక్క నోటికాడి కూడు కూడా పోగొట్టాడే అని చెప్పబోయి ఊరుకున్నాను. మీరు నా ఈడు వాళ్లు, చివరిదాకా వింటారు, కనుక మీకు చెబుతున్నాను.

నేను బస్సు కండక్టరుగా బతుకంతా నిలబడే గడిపి, తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరై ఇంటికొచ్చాను. ఇబ్రహీంపట్నం అవతల గుట్టల కింద మాకు ఎనిమిదెకరాల రాళ్ల భూమి ఉండేది. సీతాఫలం చెట్లూ తంగేడూ తప్ప దానిలో ఏదీ మొలిచేది కాదు. అప్పటికే చుట్టుపక్కల ప్లాట్ల వాళ్లు తిరుగుతున్నారు. అమ్మేద్దామని మా ఇంటిది అంటుంటే, ఏవేవో రాష్ట్రాల అడవుల్లో సఫారీ లాడ్జీలలో పనిచేసి వచ్చిన మా బామ్మర్ది, ఈ రాళ్లే మనకు బంగారం బావా, ఇక్కడ మనమే ఒకటి కడదాం అన్నాడు. అడవిలో లాడ్జి అనగానే ఊళ్లో వాళ్లు మూతులు తిప్పి నవ్వారు. లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండేదేనని నేనూ అనుకునేవాణ్ణి మరి.

కానీ బామ్మర్ది పట్టు పడితే ఉడుం పట్టు. బోరు వేయకూడదన్నాడు, వాననీళ్లే తొట్టిలో పట్టి ఏడాదంతా వాడాలన్నాడు. సిమెంటు వద్దన్నాడు, మనం వదిలేసిన నాడు కట్టిందంతా ఏ ఆనవాలూ లేకుండా మట్టిలో కలిసిపోవాలన్నాడు. మట్టి గోడలు పెట్టడం తెలిసిన ముసలి మేస్త్రిని వెతకడానికే రెండు నెలలు పట్టింది, ఆ ముసలాయన మట్టిలో గడ్డి కలిపి తొక్కించి, నాననిచ్చి, ఒక మూరెడు గోడ పెట్టి అది ఆరేదాకా బీడీ కాలుస్తూ కూర్చుంటే నా ఒళ్లు మండేది. సఫారీకి జీపు లేదు, ఎడ్లబండే. అన్నం మోదుగాకు విస్తర్లలో. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి: మన హద్దులో కేక వేయొద్దు, డప్పు కొట్టొద్దు, టార్చి వేయొద్దు, ఏ జంతువునూ అదిలించొద్దు. "మనమే వాటింటికి పోయిన చుట్టాలం బావా, చుట్టాలు లొల్లి చేస్తరా?" అనేవాడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, వచ్చిన ప్రతి అతిథికీ నా సొంత మాటలాగా చెప్పుకునేవాణ్ణి.

అతిథులు వచ్చారు, జంతువులే రాలేదు. ఒకాయన మేకను చూసి జింక అనుకుని ఫొటో తీసుకుంటే నేను కాదనలేదు. ఇట్లా లాభం లేదని, చలి తగ్గే ముందు మా అరుగుకు ఎదురుగా ఒక నీటి గుంట తవ్వించి తొట్టిలోని వాననీళ్లతో నింపాం. పది రోజులు తిరక్కుండానే నెమళ్లు దిగాయి, కుందేళ్లు వచ్చాయి, ఒక నక్క కూడా వచ్చి నీళ్లు తాగి పోయింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవనుకోండి.

గుంట వెనకాలే మా అక్క చేను. భర్త పోయాక ఆ రెండెకరాలే ఆమెకు ఆధారం, ప్రతి యాసంగికీ పల్లి వేసేది. అడవిపందులు రాకుండా మావైపు అందరూ చేసినట్టే చేను చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కట్టేది. ఆ రంగులకూ మనిషి వాసనకూ పందులు బెదురుతాయి. ఆమె చీరలు చాలక ఇరుగుపొరుగు వాళ్లవి అడిగి తెచ్చింది, పోయిన మా అమ్మ చీరలు కూడా రెండు ఉండేవి అందులో. ఎర్రవీ పచ్చవీ నీలివీ గాలికి ఊగుతుంటే నాకు ఏనాడూ తప్పుగా తోచలేదు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన, నెమలి ఫొటో తీస్తే వెనక బట్టలారేసిన దండెం పడుతోందని ఇంటర్నెట్లో రాసిపెట్టాడు. అది చూసి తర్వాతి వారం వస్తామన్న వాళ్లు రామన్నారు.

నేనే పోయాను అక్క దగ్గరికి. బామ్మర్ది పంపలేదు, వద్దనే అన్నాడు. చీరలు ఆ ఒక్క వైపు విప్పెయ్యమని అడిగితే అక్క నా ముఖం చూసి, "కాయ ఊరినంక ఇప్పమంటున్నవ్, పందులు ఊకుంటయా తమ్మీ?" అంది. "నేనున్న గద అక్కా, నేను చూసుకుంట, ఫికర్ జేయకు" అన్నాను. నా ఎదురుగానే మహాతల్లి ముడులు విప్పి, చీరలు ఒక్కొక్కటే మడత పెట్టి చంకన పెట్టుకుని పోయింది. పల్లి పీకడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి.

ఆ శనివారం నాలుగు గదులూ నిండాయి. పొద్దు గుంకే వేళ అందరం అరుగు మీద కూర్చుని ఉండగా పొదల్లోంచి అడవిపందుల మంద దిగింది, వెనకాల చారల చారల పిల్లలు. అతిథులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, ఒకామెకు కళ్లనీళ్లు తిరిగాయి. నాకు నేనే ఆ పందుల్ని కన్నంత గర్వంగా ఉంది. అవి నీళ్లు తాగి, బురదలో పొర్లి, తల తిప్పి అక్క చేను వైపు నడిచాయి. చూశాను. చూడలేదని మీతో అబద్ధం ఆడను. ఒక్క కేక వేస్తే చాలు, గుట్టెక్కి పోయేవి. కేక గొంతులోకి వచ్చింది కూడా. కానీ అంతసేపూ నేనే కదా నిశ్శబ్దం నిశ్శబ్దమని అందరికీ నీతులు చెప్పింది! అతిథుల ముందు నా మాట నేనే తప్పడమా అని నోరు మూసుకున్నాను. అన్నాలయ్యాక పోయి చూద్దామనుకున్నాను. అన్నాల దగ్గర వాళ్లు మెచ్చుకుంటుంటే ఆ పొగడ్తలు తింటూ కూర్చుండిపోయాను.

తెల్లారి చేను చూస్తే దున్ని వదిలేసినట్టుంది. అక్క గట్టు మీద కూర్చుని ఉంది. తిట్టినా బాగుండేది, నాలుగు దెబ్బలేసినా బాగుండేది. లేచి, మిగిలిన చెట్లు పీకి, కాయ ఏరి, ఇంటికి పోయి ఉడకబెట్టి గంపలో పంపించింది, "నీ ఇంటికొచ్చిన చుట్టాలకు పెట్టు" అని. ఆ పల్లికాయ ఎంత తీయగా ఉందో అని అతిథులు ఒకటే పొగిడారు. నేను ఒక్క గింజ కూడా నోట్లో పెట్టుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను మళ్లీ చీరలు కడతానని పోతే అక్క వద్దంది. మరుసటి ఏడు ఆ రెండెకరాలూ వెంచరు వాళ్లకు ఇచ్చేసింది. రాళ్లు పాతారు, రోడ్డు వేశారు, స్తంభాలకు లైట్లు పెట్టారు. ఆ వెలుగుకు పందులూ రాలేదు, నెమళ్లూ రాలేదు, ఎవరిని చూడ్డానికి వస్తారు అతిథులు? బామ్మర్ది మళ్లీ ఏదో అడవిలో నౌకరీకి పోయాడు. పైకప్పు దిగిపోయి, రెండు వానాకాలాలకే గోడలు మట్టిలో కలిసిపోయాయి. ఏ ఆనవాలూ మిగలకుండా పోవాలన్నదే బామ్మర్ది కోరిక. అదొక్కటి మాత్రం అనుకున్నట్టే జరిగింది.

మనవరాలు ఆ ఫొటో చూపించిన మర్నాడు బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోయాను, అక్క దగ్గరికి. ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, చావుల్లో కలిసి మాట్లాడుకుంటూనే ఉన్నాం కానీ ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అక్క చాయ పోసిచ్చింది. పందులు అటు పోతుంటే చూసి కూడా అరవలేదని ఆనాడే చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్పాను. ఆమె నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని కింద పెట్టింది. తర్వాత, "నాకెర్కే. నీ అరుగు మీద కూసుంటే అన్నీ కనపడతయ్. పందులను ఏమంటం తమ్మీ, వాటి కడుపు వాటిది. నువ్వు ఉంట అన్నవ్, ఉన్నవనుకొని నేను నిద్రపోయిన" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూస్తే, ఒకప్పుడు చేన్లు ఉన్నచోటల్లా మనిషి ఎత్తు ప్రహరీలు. ఎవరి గోడ వాళ్లది, పక్కవాడు అడిగితే ఎవరూ ఒక్క ఇటుక కూడా తీయరు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. లోకం మారిపోయిందని మన ఈడు వాళ్లం కూర్చున్నచోటల్లా అంటుంటాం కదా, ఆ మాట అనడానికి నాకు ఇప్పుడు నోరు రావడం లేదు. తమ్ముడు మాట ఇచ్చాడని కంచె విప్పి నిద్రపోయిన అక్క నాకు ఒకప్పుడు ఉండేది.