ఎవరో తిప్పి పెట్టిన చీల

ఆర్లో కుచెరా తన నీడను కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటేగానీ నమ్మడు. డ్రై ఫోర్క్ చుట్టుపక్కల గుర్రాలున్న వాళ్ళంతా అతన్నే పిలవడానికి కారణం కూడా అదే. పికప్ వెనక ట్రైలర్ కట్టుకుని, అమెరికాలో నెబ్రాస్కా ఇసుక గుట్టల మధ్య ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పశువుల్నీ గుర్రాల్నీ చేరవేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క జీవానికీ గీత పడలేదు. ఈ పనికి మంచితనం కన్నా అనుమానమే ఎక్కువ కావాలంటాడు. టైరుని అనుమానించాలి, గొలుసుని అనుమానించాలి, బుద్ధిగా నిలబడ్డ గుర్రాన్ని మరీ అనుమానించాలి.

పని చూడ్డానికి ఎంతో కాదు. పికప్ వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్ నొగ చివరనున్న మూతి దాని మీద బోర్లా కూర్చోవాలి. కూర్చున్నాక గొళ్ళెం పడాలి. గొళ్ళేనికి చీల దూర్చాలి. చిక్కల్లా ఏమిటంటే, సగమే పడ్డ గొళ్ళెం కూడా పూర్తిగా పడినట్టే కనిపిస్తుంది. చీల కూడా దొంగబుద్ధితో దూరిపోతుంది. బండి మైళ్ళ తరబడి బాగానే నడుస్తుంది. ఎక్కడో ఒక గతుకులో మూతి గుండు మీంచి లేచిపోతుంది. అందుకే మిగతావాళ్ళంతా జాక్ తిప్పి నొగని పైకెత్తి చూస్తారు. దాంతోపాటు పికప్ వెనక భాగం కూడా లేస్తే పట్టు పడినట్టు.

ఆర్లో ఆ జాక్ పరీక్ష ఎన్నడూ చేయలేదు. గొళ్ళెం సరిగ్గా పడితే 'టక్' మంటుంది. "చెవులున్నవాడికి జాక్ ఎందుకయ్యా?" అని నలుగురిలో అనడం అతనికి సరదా. లోకంలో అన్నిటినీ అనుమానించిన మనిషి తన చెవిని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు.

కిందటి చలికాలం నించీ జనానికి ఏదో తెగులు పట్టింది. అందరూ గొణగడం మొదలుపెట్టారు. భార్య డోరిన్ వంటింట్లో ఫోన్ మాట్లాడుతుంటే గొంతు తగ్గించేస్తోంది.

"ఎవరితో ఆ గుసగుసలు?" అన్నాడొకరోజు.

"మా చెల్లెలితో. గుసగుసలేంటి, పక్కింటికి వినపడేలా మాట్లాడుతుంటేనూ!"

"మనకి పక్కిల్లు నాలుగు మైళ్ళు."

"అదే చెప్తున్నా."

ఆ మాట అతనికి రుచించలేదు. పశువుల సంత దగ్గర కాఫీ హోటల్లోనూ ఇదే వరస. అతను బల్ల దగ్గర కూర్చోగానే పెదాలు కదులుతాయి, నవ్వులు లేస్తాయి, నవ్విందెందుకో మాత్రం తెలియదు. తన గురించే అయ్యుంటుందని ఆర్లో తీర్మానించుకున్నాడు. కిటికీ అద్దం దించుకుని, ఎడమ మోచెయ్యి బయట పెట్టి, డీజిల్ ఇంజను మోతలో ముప్ఫై ఎనిమిదేళ్ళు బండి తోలినవాడికి ఎడమ చెవి గురించి ఆలోచన రాలేదు.

అక్టోబరులో ఒక గురువారం సంత ముగించుకుని వచ్చేసరికి గొళ్ళెంలో చీల తిరగబడి ఉంది. ఆర్లో చీలని ఎప్పుడూ కుడి వైపు నించి ఎడమకి దూరుస్తాడు. ఇది ఎడమ నించి కుడికి ఉంది. జాక్ పిడి కూడా అతను మడిచే వైపు మడిచి లేదు. తన ట్రైలర్ మీద పరాయి చెయ్యి పడింది.

పై గురువారం మళ్ళీ అదే. మూడో గురువారమూ అదే.

ఎవరో కనిపెట్టడానికి అతనికి రెండు నిమిషాలు పట్టలేదు. వెండెల్ స్ట్రోబెల్. ఆ నాలుగు మైళ్ళ పక్కింటివాడే. తొమ్మిదేళ్ళ కిందట వెండెల్ ఈ ట్రైలర్నే అరువు తీసుకెళ్ళాడు. ఆ సీమలో అరువు తెచ్చిన ట్రైలర్ని కడిగి, గ్రీజు పెట్టి తిరిగివ్వాలి. వెండెల్ కడిగాడు, గ్రీజు పెట్టాడు, కానీ జాక్ వంగి ఉంది. అడిగితే "అది ముందే అలా ఉంది" అన్నాడు. ముందే అలా ఉంటే నాకు తెలియదా అన్నాడు ఆర్లో. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. అప్పట్నించీ ప్రతి గురువారం మట్టిరోడ్డు మీద వెనక అద్దంలో వెండెల్ ఎర్ర పికప్ కనబడితే చాలు, ఆర్లోకి ఒళ్ళు మండుతుంది.

"వాడు చీల తీసేసి చూస్తున్నాడే," అన్నాడు డోరిన్‌తో. "ఒకరోజు పెట్టడం మర్చిపోయినట్టు వదిలేస్తాడు. నా ట్రైలర్ ఊడాలి, నా పేరు పోవాలి. అదీ వాడి పన్నాగం."

డోరిన్ ఏదో అంది. అతనికి వినపడలేదు. గొణిగిందనుకున్నాడు.

నాలుగో గురువారం సంగతి వేరు. బడి పంతులమ్మ మార్లా తన రెండు ఆడగుర్రాల్నీ నది అవతల కొత్త చోటికి చేర్చమంది. సంత దొడ్లో పశువుల డాక్టరు చూశాక అక్కడి నించే ఎక్కించాలి. రెండూ చూడితో ఉన్నాయి. దారిలో నియోబ్రారా నదికి దిగే వాలు ఉంది. మలుపులు, పక్కన లోయ. ఆ వాలులో నొగ ఊడితే ట్రైలర్ మిగలదు, అందులో జీవాలూ మిగలవు. "మీరు ఎవర్నీ నమ్మరని తెలిసే మిమ్మల్ని నమ్మాను," అంది మార్లా. ఆర్లో ఆ మాటని వారం రోజులు లోపల దాచుకుని మురిశాడు.

ఆ రోజు బండి ఎప్పటి చోటే ఆపి, ఆపిల్ పై తినడానికి వెళ్తున్నట్టు హోటల్ తలుపు దాకా వెళ్ళాడు. అక్కణ్ణించి చుట్టు తిరిగి వచ్చి గడ్డి మోపుల వెనక నక్కాడు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు కీచుమంటుంటే, గడ్డి ముక్కులోకి పోతుంటే, తుమ్ము ఆపుకుంటూ కూర్చున్నాడు. పది నిమిషాలకి వెండెల్ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. నొగ పక్కన ఒంగి, చీల లాగాడు.

ఆర్లో మోపుల వెనక నించి ఎద్దులా దూసుకొచ్చాడు. "దొరికావు!"

వెండెల్ చీల చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెదాలు కదిలాయి.

"గొణుగుతావేంరా? దొంగకి గొంతు కూడా లేదా?"

వెండెల్ లేచి, చుట్టూ తిరిగి, ఆర్లో కుడి చెవి వైపు వచ్చి నిలబడ్డాడు.

"గొణగట్లేదు. నీ ఎడమ పక్క నిలబడి అరిచాను."

అప్పటికే డాక్టరు దగ్గర పని ముగించుకుని మార్లా గుర్రాలతో బయటికి వచ్చింది. అవి తాడు కొసన చెవులు రిక్కించి చూస్తున్నాయి. ఆమె కూడా అలాగే చూస్తోంది.

"నెల రోజులుగా నీ వెనకే వస్తూ చూస్తున్నా," అన్నాడు వెండెల్. "గతుకు పడ్డప్పుడల్లా నీ ట్రైలర్ మూతి గుండు మీద ఎగిరెగిరి పడుతోంది. గొళ్ళెం సగమే పడుతోంది. నువ్వు లోపలికి పోగానే ఎత్తి, సరిచేసి, చీల పెడుతున్నా."

"అబద్ధం. 'టక్' మనడం నేను విన్నాను."

"ఈ పొద్దున కూడా విన్నావా?"

"ఈ పొద్దున కూడా."

వెండెల్ జాక్ పిడి తిప్పడం మొదలుపెట్టాడు. నొగ లేచింది. పికప్ లేవలేదు. మూతి గుండు మీంచి, ఉడికిన గుడ్డు పెంకు ఊడినట్టు, మెత్తగా ఊడి గాల్లో నిలిచింది.

ఆ మూతి కింద ఖాళీలోకి ఆర్లో ఒంగి చూశాడు. పన్నెండు మైళ్ళు అలాగే వచ్చాడు. మూడు వారాలు అలాగే వచ్చాడు. లోపల ఉన్నవి ఎవరెవరి గుర్రాలో లెక్కపెట్టుకున్నాడు. సిగ్గేసింది, దానికన్నా ఎక్కువగా భయమేసింది.

"మరి చెప్పొచ్చుగా?" అన్నాడు చివరికి.

"చెప్తే నమ్ముతావా? నేనే ఊడదీశానంటావు. ఇప్పుడేమన్నావు మరి?"

మార్లా తాడు మరో చుట్టు చేతికి చుట్టుకుంది. గుర్రాల్ని ముందుకి నడిపించలేదు. ఇంక ఆమె వద్దంటే ఊరంతా వద్దన్నట్టే. ముప్ఫై ఎనిమిదేళ్ళ పేరు ఆ తాడు కొసన వేలాడుతోందని ఆర్లోకి తెలుసు.

నొగని మళ్ళీ గుండు మీదికి దించాడు. గొళ్ళెం వేశాడు. టక్. స్పష్టంగా వినపడింది. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు మీద అనుమానం వచ్చింది. ఏళ్ళ తరబడి విన్నది కాబట్టి, అది మోగకపోయినా తన తలలో మోగుతోందేమో!

వెండెల్ వైపు తిరిగాడు. కుడి చెవి అటు పెట్టి అడిగాడు. "పడిందా?"

"పడలేదు."

మళ్ళీ ఎత్తాడు, దించాడు, వేశాడు.

"ఇప్పుడు?"

"సగం."

మూడోసారి వెండెల్ తల ఊపాడు. ఆర్లో అంతటితో ఊరుకోలేదు. తొమ్మిదేళ్ళుగా వంగి ఉన్న ఆ జాక్ పిడి పట్టుకుని తిప్పాడు. నొగతోపాటు పికప్ వెనక భాగం కూడా లేచింది. అప్పుడు గొలుసులు తగిలించాడు. చీల అందుకోబోతే వెండెల్ తనే దూర్చాడు, ఎడమ నించి కుడికి. ఆర్లో దాన్ని అలాగే ఉండనిచ్చాడు.

"జాక్ వంగింది మాత్రం మా దగ్గరే," అన్నాడు వెండెల్, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. "మా ఆవిడ గుంజకి గుద్దింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"నాకు తెలుసు," అన్నాడు ఆర్లో. ఆ ఒక్క అనుమానమైనా నిజమైనందుకు కాస్త ఊపిరి ఆడింది.

మార్లా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ వాలు మీద..." అంది.

"వీడు వెనకాలే వస్తాడు," అన్నాడు ఆర్లో. వెండెల్‌ని అడగలేదు. ఒక్క క్షణం ఆగి, "వస్తావుగా?" అన్నాడు.

"ప్రతి గురువారం వచ్చేవాణ్ణేగా," అన్నాడు వెండెల్.

మార్లా గుర్రాల్ని ఎక్కించింది.

నది వాలు దిగుతుండగా రెండో మలుపులో వెనక అద్దం ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళుగా ఆ అద్దంలో ఎర్ర పికప్ కనబడకపోతే బాగుండుననుకున్న మనిషి, బ్రేకు మీద కాలు పెట్టి, అది మళ్ళీ కనబడేదాకా బండిని నెమ్మదిగా నడిపాడు.