మాత్రలో జున్నుపాలు, దూడ యాడుండాదో

ఈ పొద్దు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తా మా అత్తకు గొట్టం మాత్రల డబ్బా ఒకటి తెచ్చినాను. కొన్నాళ్లుగా ఆమెకి ఏం తిన్నా కడుపులో ఇమడడం లేదు. ఆవు జున్నుపాలు పొడి చేసి నింపిన మాత్రలంట, పేగులకు మంచిదని నాతో పనిచేసే ఒకామె చెప్పి చెప్పి అంటగట్టింది. నిజమో కాదో ఆ ఏడుకొండలవాడికే తెలియాల.

అత్త డబ్బా అందుకోలేదు.

“జున్నుపాలా! ఎవరింట్లో ఈనిందిమే?”

“ఎవరింట్లోనూ కాదత్తా, ఫారిన్‌ది.”

“యాడిదైతే ఏమి, ఈనకుండానే పాలొచ్చినాయా? కోడెదూడా, పెయ్యదూడా?”

చంద్రగిరిలో వాళ్ల పుట్టింట్లో ఈ రెండూ అడక్కుండా జున్నుపాల చెంబు ముట్టేవాళ్లు కాదంట. నాకు విసుగొచ్చింది. అయినా డబ్బా తిప్పి తిప్పి చూసినాను. చల్లని చోట పెట్టమని ఉండాది గానీ, దూడ మాట యాడా లేదు.

“పెయ్యదూడ” అని చెప్పేసినాను.

అత్త మొగం విప్పారింది. మాత్ర మింగి, కళ్లు మూసుకొని, “ఆ ఆవు కడుపు సల్లగుండ” అనింది.

ఇది రాసే ముందు కాసేపు మిద్దె మీద కూర్చున్నాను. ఎదురుగా ఏడుకొండలవాడి కొండ నీలంగా మారి మెల్లగా చీకట్లో కరిగిపోతాండాది. పేరు తెలీని ఏదో దేశంలో, మంచు పట్టిన గడ్డిలో, ఇంకా తడారని దూడ ఒకటి వణికే కాళ్ల మీద లేచి తల్లి పొదుగు వెతుక్కుంటా నా కళ్ల ముందే తిరగతాండాది.

దానికి ఒక గుక్కైనా మిగిల్చినారా? తెలిసినోళ్లు చెప్పండి. రేపు రెండో మాత్రకి అత్త అడిగేది అదే.