రివర్సు గేరులో పలకరింపు

కారులో పాట కావాలంటే రెండు వేళ్ళతో ఒక మర ఇటు తిప్పడం, వద్దనుకుంటే అదే మర అటు తిప్పడం. అంతకు మించి ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేని కాలం అది. రాజోలు దగ్గర మా ఊళ్ళో మా బాబాయికి ఉన్న పాత కారులో అలాంటి నల్లటి గుండ్రటి మరలు రెండుండేవి. ఒకటి గొంతు పెంచడానికి, ఒకటి స్టేషను పట్టుకోవడానికి. వాటి కింద గాలికో మీట, లైట్లకో మీట. బాబాయి కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. ఎడంచెయ్యి మాత్రం తనంత తనే వెళ్ళి ఏది కావాలో దాన్ని పట్టుకునేది. వెనక సీట్లో కూర్చున్న మా నానమ్మ సైతం ముందుకి వంగి, "ఉండరా, నే తిప్పుతాను" అని వార్తల్లోంచి భక్తి పాటల్లోకి రేడియోని లాక్కొచ్చేది. ఆవిడకి అక్షరాలు రావు. ఆ మరకి అక్షరాలతో పని లేదు.

రొయ్యలు బాగా పండిన ఒక ఏడాది (రెండు వేల ఆరో, ఏడో, నాకు సరిగ్గా గుర్తులేదు) బాబాయి కొత్త కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా రాజమండ్రి తీసుకెళ్ళి, కారుతో వచ్చిన పాటల పెట్టె పీకించి, దాని చోట వేలితో తాకితే పలికే స్క్రీను పెట్టించుకొచ్చాడు. దాని మీద బటన్ అన్నది ఒక్కటి కూడా లేదు. లేకపోవడమే దాని గొప్ప అని బాబాయి చెప్పేవాడు. చూడవచ్చిన వాళ్ళందరికీ, "ముట్టుకుంటే చాలండి, నొక్కక్కర్లేదండి" అంటూ నాలుగుసార్లు గట్టిగా నొక్కి చూపించేవాడు. దుమ్ము పడుతుందని మీది ప్లాస్టిక్ పొర తియ్యలేదు. వాహన పూజనాడు మా పిన్ని స్టీరింగుకీ, బానెట్‌కీ బొట్లు పెట్టి, స్క్రీను చిన్నబుచ్చుకుంటుందేమోనని దాని నడిబొడ్డున కూడా గంధం, కుంకుమ పెట్టింది. ఆ బొట్టు తుడవకూడదు, దానంతటదే రాలిపోవాలి. అందాకా పాట ఆపే బొమ్మ ఆ బొట్టు కిందే ఉండిపోయింది.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రాజోలులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, భుజాన సంచీ తగిలించుకుని బస్సెక్కుతుంటే కండక్టరు గారు "రండి మేడంగారూ" అనేవారు. ఆ మాట నా తలకి ఎంత ఎక్కిందంటే, స్క్రీను అన్నది ఎక్కడున్నా అది నా పరిధిలోదే అనుకునేదాన్ని. ఇంట్లో వాళ్ళూ అలాగే అనుకునేవారు. టీవీలో బొమ్మ వణికినా, పక్కింటివాళ్ళ సెల్‌ఫోను మూగబోయినా నన్నే పిలిచేవారు. నేను దాన్ని ఆపి మళ్ళీ పెట్టేదాన్ని. సగంసార్లు బాగయ్యేది. మిగతా సగంసార్లు, "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అనేదాన్ని. ఆ మాట తర్వాత ఎవరూ ఇంకేమీ అడిగేవారు కారు.

అలా ఉండగా కొత్తపేట అవతల ఒక పల్లెలో మా చిన్న నానమ్మ గారి భర్త పోయారని కబురొచ్చింది. చిన్న నానమ్మ అంటే మా నానమ్మకి స్వయానా చెల్లెలు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పదేళ్ళ పైనుంచీ మాటల్లేవు. కారణం ఒక ఫొటో. మా అత్త పెళ్ళిలో అందరూ నిలబడి తీయించుకున్న ఫొటోలో చిన్న నానమ్మ చివర నిలబడడం వల్ల మొహం సగమే పడింది. ఆవిడ బాధపడితే మా నానమ్మ, "పోనీలేవే, మిగతా సగం ఎలా ఉంటుందో మాకు తెలుసు కదా" అంది. ఓదార్పుగానే అన్నానని నానమ్మ చివరిదాకా వాదించింది. చిన్న నానమ్మ ఆ మాట పట్టుకుని వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు పలకరింపుకి వెళ్ళాలి. మంగళవారం పనికిరాదని ఒకరోజు, శుక్రవారం కుదరదని ఒకరోజు నానమ్మ తోసేసింది. భయపడుతోందని మాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఒక శనివారం పొద్దున్నే బాబాయి కారు తీసి, "అమ్మా, ఎక్కు" అన్నాడు. పిన్నికి ఒంట్లో బాగోక నన్ను తోడు రమ్మన్నారు. ముందు సీట్లో నేను, వెనకాల నానమ్మ.  అమలాపురం దాటాక ఆవిడ, "ఏదైనా దేవుడి పాట పెట్టవే, గుండె దడగా ఉంది" అంది.

డిస్కు పెట్టెలో ఉన్నవి బాబాయి వినే సినిమా పాటలు. దేవుడి పాటలు అందులోనే ఎక్కడో చివర ఉన్నాయన్నాడు. నేను స్క్రీను తాకాను. ఒక డాన్సు పాట మొదలైంది. తర్వాతి పాట కోసం తాకితే గొంతు పెరిగింది. తగ్గించబోతే ఇంకా పెరిగింది. ఒక చోట తాకితే పక్క బొమ్మ పలుకుతోంది.

"ఏటమ్మడూ, ఏమయ్యింది?" అన్నాడు బాబాయి.

"కాలిబ్రేషన్ పోయింది బాబాయ్, సరిచెయ్యాలి" అన్నాను. ఈ మాట సెంటర్లో ఒకసారి ఎవరో అనగా విన్నాను.

సెట్టింగుల్లోకి వెళ్తే నిజంగానే అలాంటిదొకటి దొరికింది. స్క్రీను మీద మూలకొకటి చొప్పున చిన్న చిన్న కూడిక గుర్తులు వస్తాయి, ఒక్కొక్కదాని మీదా సరిగ్గా వేలు పెట్టాలి, దాన్నిబట్టి అది మన వేలిని నేర్చుకుంటుంది. ఇంతవరకూ అంతా శాస్త్రీయమే. కాకపోతే అప్పటికే కారు కాలవగట్టు మీదకెక్కింది. ఆ గట్టు రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక్కో గుర్తు దగ్గరా ఒక్కో గోతిలో పడ్డాం. నా వేలు ఒకసారి పైకి, ఒకసారి పక్కకి, ఆఖరిసారి ఏకంగా కుంకుమ బొట్టు మీదకి వెళ్ళింది. స్క్రీను అదే నా ఉద్దేశం అనుకుని శ్రద్ధగా నేర్చుకుంది. ఆ క్షణం నుంచి దాన్ని ఎక్కడ తాకినా ఎక్కడో పలకడం మొదలుపెట్టింది. మళ్ళీ సరిచెయ్యబోయి ఏం తాకానో, అక్షరాలన్నీ చైనా భాషలోకి మారిపోయాయి. "ఇది చైనాదైపోయింది బాబాయ్" అన్నాను. పాట మాత్రం తెలుగులోనే, పూర్తి గొంతుతో వస్తోంది.

బాబాయి కారాపి తాళం తీశాడు. పాట ఆగలేదు. "తాళం తీసినా పాట రావాలని నేనే అడిగి బ్యాటరీకి కలిపించేనే" అన్నాడు మెల్లగా. రిమోటు ఉందా అన్నాను. ఉంది, పోతుందని పిన్ని బీరువాలో దాచింది. బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీద్దామంటే పానా కావాలి. పానాల సంచీకి మురికంటుకుంటుందని అదీ బీరువాలోనే ఉంది. నానమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఈ పాటతో దాని గుమ్మంలోకి వెళ్తే అది ఈ జన్మకి నా మొహం చూడదు. వెనక్కి తిప్పరా" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు మొదటిసారి భయం వేసింది. ఒకసారి వెనక్కి తిరిగితే ఆవిడ మళ్ళీ బయల్దేరదు.

అదే సమయానికి ఎదురుగా రావులపాలెం వెళ్ళే అరటి గెలల వ్యాను వచ్చింది. గట్టు మీద రెండు బళ్ళు పట్టవు. వ్యాను డ్రైవరు తల బయటకి పెట్టి, "తవఁరు కొంచెం వెనక్కి తియ్యాలండి" అని చాలా మర్యాదగా అన్నాడు. పాటకి తలాడిస్తూ కూడా ఉన్నాడు. బాబాయి నిట్టూర్చి, మళ్ళీ కారు స్టార్ట్ చేసి రివర్సు గేరు వేశాడు.

పాట ఆగిపోయింది.

కాలవలో బాతుల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. స్క్రీను మీద చైనా అక్షరాలు పోయి, వెనక ఉన్న రోడ్డు కనిపించింది. "హమ్మయ్య, చచ్చింది" అంది నానమ్మ. కానీ వ్యాను దాటిపోయాక ముందుకి గేరు మార్చగానే పాట సరిగ్గా ఆగిన చోటునుంచే అందుకుంది. బాబాయి రివర్సు వేశాడు. ఆగింది. ఒకటో గేరు. మొదలైంది. వెనక కెమెరా పెట్టినప్పుడు రాజమండ్రి షాపువాడు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చిందట. "వెనక్కి చూసుకునేటప్పుడు ధ్యాస చెదరకూడదని పాట దానంతటదే ఆగుతాదండి" అన్నాడట.

బాబాయి కాసేపు కాలవవైపు చూశాడు. "అమ్మా, ఊరు మొదలుదాకా ఎలాగో చెవులు మూసుకో. అక్కణ్ణుంచి నేను చూసుకుంటాను" అన్నాడు.

అలా మేం ఊరి మొదట కారు తిప్పుకుని, వీధి పొడుగునా వెనక్కి వెళ్ళాం. నత్తనడకన, స్క్రీను మీద కోళ్ళనీ, ఆరబెట్టిన కొబ్బరి చిప్పలనీ చూసుకుంటూ. నిజం చెప్పాలంటే ఆ కారు కొన్నప్పటినుంచీ స్క్రీను సరిగ్గా పనిచేసింది ఆ పావుగంటే. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, కారు పక్కనే నడుస్తూ, "ముందుకెళ్ళే గేర్లు పోయేయాండి?" అని అడిగాడు.

"ఆయ్, లేదండి. పలకరింపుకి వెళ్తన్నామండి" అన్నాడు బాబాయి, మెడ వెనక్కి తిప్పకుండా.

"ఆయ్, అలాగాండి" అని ఆయన తృప్తిగా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. రాజోలువైపు ఇదొక పద్ధతి కాబోలు అనుకుని ఉంటాడు.

చిన్న నానమ్మ గారి గుమ్మం ముందు జనం లేచి నిలబడ్డారు. కారు డిక్కీ ముందు, మేం వెనక, అలా చేరాం. బాబాయి ఇంజను ఆపాడు గాని, తాళం తీస్తే పాట మళ్ళీ అందుకుంటుందని దాన్ని అలాగే ఉంచి, గేరు రివర్సులోనే వదిలి, "దీని జోలికి ఎవరూ రాకుండా చూడు" అని నాతో అని లోపలికి వెళ్ళాడు. నేను కాపలా ఉండేదాన్నే. కానీ నానమ్మ కారు దిగి, నా చెయ్యి పట్టుకుని, వదల్లేదు.  ఆవిడ్ని నడిపించుకుని లోపలికి వెళ్ళక తప్పలేదు.

హాల్లో గోడకి చేరబడి చిన్న నానమ్మ కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. నానమ్మ వెళ్ళి ఎదురుగా కూలబడింది. దారంతా ఏం మాట్లాడాలో అనుకున్నట్టుంది, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. చిన్న నానమ్మ తలెత్తి చూసి, మళ్ళీ మోకాళ్ళలోకి దించుకుంది. ఎవరో ఫ్యాను పెంచారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డారు. ఇద్దరి మధ్యా ఒక మూరెడు చాప. ఆ మూరెడూ దాటడం ఎవరివల్లా కాలేదు.

ఇంతలో బయట టెంటు సామానుతో ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. దారికి మా కారు అడ్డం. ఆ ఇంటి అల్లుడుగారు చాలా మంచివారు. చుట్టాల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని తనే కారెక్కి, పక్కకి తోయించడానికి గేరు న్యూట్రల్‌లోకి తెచ్చారు.

ఆ పాట గురించి ఎక్కువ చెప్పను. డప్పులు, ఈలలు ఉన్న పాట అని చెప్తే చాలు. మొత్తం హాల్లోకి, పోయినాయన ఫొటో ముందున్న దీపం దాకా వచ్చేసింది. బాబాయి బయటకి పరిగెత్తాడు గాని, కారు తోస్తుండగా మళ్ళీ రివర్సు వెయ్యడం కుదరలేదట. అల్లుడుగారు గాభరాపడి స్క్రీను మీద అరచెయ్యి ఆనించి అదిమారట, గొంతు ఇంకా పెరిగింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను నేలకేసి చూస్తూ, ఇంటికి నడిచి వెళ్తే ఎంతసేపు పడుతుందా అని ఆలోచిస్తున్నాను. నానమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

చిన్న నానమ్మ తల ఎత్తింది. కొంచెంసేపు చెవి ఒగ్గి విని, "ఏ సినిమాలోదే అక్కా అది?" అంది.

నానమ్మ కళ్ళు తెరిచింది. "నాకేం తెలుసే. అది చైనాదంట" అంది.

ఎవరు ముందు నవ్వారో నేను చూడలేదు. అది నవ్వు అని కూడా అనలేను. చిన్న నానమ్మ భుజాలు కదిలాయి, నానమ్మవీ కదిలాయి, ఏడుస్తున్నారనుకుని అందరూ వాళ్ళ వీపు నిమరబోయారు. నిమిరేసరికి నిజంగానే ఏడ్చారు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, అసలు పలకరింపు అప్పుడు మొదలుపెట్టారు. బయట ట్రాక్టరు పెట్టెలోంచి పానా తెచ్చి బ్యాటరీ వైరు ఊడదీసేదాకా ఆ పాట అలా సాగుతూనే ఉంది. వాళ్ళిద్దరూ దానిమీదుగా కాస్త గట్టిగా మాట్లాడుకున్నారు, అంతే.

పలకరింపుకి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు. ఆ రోజు నానమ్మ చెప్పాల్సిన అవసరమూ రాలేదు. తను కర్మ అయ్యేదాకా ఉంటానంది. బాబాయి, నేనూ మాత్రమే తిరిగొచ్చాం. బ్యాటరీ ఊడదీసి మళ్ళీ తగిలించాక స్క్రీను నల్లగా, బుద్ధిగా ఉంది. దాన్ని తాకే ధైర్యం ఇద్దరికీ లేదు. 

"అమ్మడూ, అది తీయించేద్దామా?" అన్నాడు బాబాయి, అమలాపురం దగ్గరపడుతుంటే.

"మీ ఇష్టం బాబాయ్. సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంతే" అన్నాను.

"అంతేనంటావా. అయితే ఉండనీలే" అన్నాడు ఎంతో ఊరటగా.

ఇప్పుడు నేనూ కారు నడుపుతాను. అందులో చల్లగాలి పెంచాలన్నా స్క్రీనులో రెండు గదులు దాటి వెళ్ళాలి. దారిలో ఎక్కడైనా పక్కకి ఆపుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వెతుక్కుని మరీ పెంచుకుంటాను. మా అమ్మాయి పక్కనుంటే, "అమ్మా, నువ్వు కంప్యూటర్ టీచరువి కదా" అంటుంది. అలాంటప్పుడు, గంజి చీర నలగకుండా ముందు సీట్లో నిటారుగా కూర్చుని, కాలవగట్టు గోతుల్లో కూడిక గుర్తులకి గురిపెడుతున్న ఆ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. దానికి ఏదైనా చెప్పాలని నోటిదాకా వస్తుంది గాని, ఆ వేలు అంత నమ్మకంగా ముందుకి చాచిన తీరు చూశాక, చెప్పబుద్ధి కాదు.