టిఫిన్ డబ్బాలో బొద్దింకలు

మనవరాలి బయాలజీ పుస్తకంలో ఈ రోజు బొద్దింక బొమ్మ చూశాను. గని క్వార్టర్స్‌లో పెరిగిన నా ఈడువాళ్లారా, భూమి అడుగున ఉండే ఆ వేలెడు బొద్దింకలు మీకు గుర్తున్నాయా?

ఎస్సెస్సెల్సీ రాసిన వేసవిలో, కాలేజీ పీయూసీలో బయాలజీ తీసుకోవాలని నేను వాటిని కోసి, బొమ్మలు గీస్తూ సాధన చేశాను. నాన్నే గనిలో షిఫ్టు దిగి వస్తూ టిఫిన్ డబ్బాలో రోజుకొకటి తెచ్చేవారు.

"అన్నం తినే డబ్బాలో పురుగులేందప్పా!" అని అమ్మ తిట్టేది.

మొత్తం ముప్పై ఎనిమిది కోశాను.

కాలేజీలో చేరే రోజు, నాన్న పక్కనుండగా, గుమస్తా నా దరఖాస్తు పైకి చదివాడు. అందులో నాన్న చేతిరాతతో ఆర్ట్స్ అని ఉంది.

"మరి బొద్దింకలు ఎందుకు తెచ్చినావు నాయినా?" అని అడిగాను.

"ఎండలో వీధులు తిరక్కుండా ఇంట్లో కూచుంటావని తెచ్చినానమ్మా," అంటూ నవ్వారు.

ఆయన పోయి ఇన్నేళ్లైనా ఆ నవ్వును నేను క్షమించలేదు.