పక్క గదిలోంచి చెప్పిన జవాబు

పోయిన గురువారం మా అమ్మాయి ఇంటర్వ్యూకి ఇద్దరం జవాబులు చెప్పాం. తను పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, నేను హాల్లో మోకాళ్ల మీద ఉండి. తనవి ఇంగ్లీషులో, నావి తెలుగులో. ఎవరివి పనికొచ్చాయో మీరే చెప్పండి.

మా కెజియా బీటెక్ అయి ఏడాది దాటింది. పొద్దున్న పదింటికి లేచి ఫోన్లో ఉద్యోగాలకి అప్లై చేస్తుంది. మధ్యాహ్నం రెజ్యూమేకి రంగు మారుస్తుంది. నీలం తీసి ఆకుపచ్చ, ఆకుపచ్చ తీసి మళ్లీ నీలం. ఓసారి వాకిన్ ఇంటర్వ్యూ ఉందని గుడివాడ వెళ్లి, అక్కడ లైను చూసి, స్నేహితురాళ్లతో బిర్యానీ తిని వచ్చేసింది. "ఖాళీగా ఉన్నావామ్మా?" అని ఎవరైనా అడిగితే "లేదాంటీ, స్కిల్స్ పెంచుకుంటున్నా" అంటుంది. నేను మాత్రం ఏమీ అనను. ఏమైనా అంటే ఎదురు చెప్పదు, తలుపేసుకుని కూర్చుంటుంది. పోట్లాడినా బాగుండును.

అలాంటిది, ఓ పూణే కంపెనీ ఇంటర్వ్యూల్లో చివరి రౌండు దాకా వచ్చింది. వీడియో కాల్, గురువారం మూడింటికి. సరిగ్గా అదే టైముకి మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. వంతుల ప్రకారం ఆ వారం మాది.

బుద్ధున్నవాళ్లయితే కూడిక మార్చుకుంటారు. నేనేమో, పదిమంది ఒకేసారి ప్రార్థిస్తే ఇంతకంటే సాయం ఏముంటుంది అనుకున్నాను.

"మౌన ప్రార్థనేలే, నీకు వినపడదు" అన్నాను కెజియాతో.

"మీరంతా? మౌనంగా?" అంది.

పక్కింటి దీనమ్మ వదిన రాగానే గుమ్మంలోనే చెప్పాను. "పిల్ల లోపల ఇంటర్వ్యూలో ఉంది వదినా. అందరం మనసులోనే."

"అలాగేలే. మేమేమన్నా మైకులు తెచ్చామా?"

మొదటి ఐదు నిమిషాలు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. తర్వాత దీనమ్మ వదిన దగ్గర్నుంచి సన్నగా "స్తోత్రం" అని వినిపించింది. ఆ పక్కావిడ "అవును తండ్రీ" అంది. మా కూడికల్లో ఒకరు గొంతెత్తితే మిగతావాళ్లు ఊరుకోవడం మర్యాద కాదు. కాసేపటికి ఫ్యాను వినపడటం మానేసింది. ఆపాల్సిన మనిషిని నేను. కానీ కళ్లు మూసుకున్నాక నాకూ ఊపొచ్చింది. పైగా, మనుషుల దగ్గర ఎన్ని చెప్పినా, ప్రార్థనలో అబద్ధం ఆడటం నా వల్ల కాదు.

"ప్రభువా, నా బిడ్డకి ఉద్యోగం ఇవ్వు. కానీ పూణే వద్దు తండ్రీ. అంత దూరం వద్దు. బందరులోనే ఇవ్వు, కుదరకపోతే విజయవాడ. ఆదివారం ఇంటికొచ్చి తిని వెళ్లేలా ఇవ్వు. అది గిన్నె కడగదు, పక్క సర్దదు. అయినా అది లేకపోతే నేనెవరితో మాట్లాడను? వాళ్ల నాన్న నోరు తెరిస్తే కృత్తివెన్ను చెరువులు, రొయ్యల మేత తప్ప ఇంకో మాట రాదు కదా ప్రభువా..."

ఎందుకో నా గొంతు ఒక్కటే వినిపిస్తోందనిపించి కళ్లు తెరిచాను. అందరూ గది తలుపు వైపు చూస్తున్నారు. అక్కడ కెజియా, చేతుల్లో తెరిచిన లాప్‌టాప్‌తో నిలబడి ఉంది.

"పూణే రావడానికి ఇంట్లో ఒప్పుకున్నారా అని మేడమ్ అడిగారమ్మా. అందరికీ ఇష్టమేనని చెప్తున్నాను. అప్పుడొచ్చింది నీ గొంతు."

"ఆవిడకి తెలుగేం తెలుస్తుందే?"

"ఆవిడది అవనిగడ్డ."

లాప్‌టాప్‌లోంచి ఆవిడే పలకరించింది. "నమస్తే అండీ. అమ్మాయిని పంపుతారా, లేదా? మీ నోటితోనే వింటే మాకూ ఒక నమ్మకం ఉంటుంది."

కెజియా నా మొహంలోకే చూస్తోంది. ఏడాదిగా తలుపేసుకుని లోపల ఎలా కూర్చుంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ నిమిషంలో దాని మొహంలో చూశాను.

"పంపుతానండి" అన్నాను. "ఇందాకటిది నాకూ దేవుడికీ మధ్య మాట. మీరు పట్టించుకోకండి."

ఆవిడ నవ్వింది. "మా అమ్మ కూడా రోజూ అదే అడుగుతుందండీ. నేనిక్కడికొచ్చి పన్నెండేళ్లయింది."

సోమవారం మెయిల్ వచ్చింది. పై నెలలో పూణేలో చేరాలి. కెజియా నన్ను పట్టుకుని హాల్లో గిర్రున తిప్పేసింది. కళ్లు తిరుగుతున్నాయని చెప్పి కాసేపు వంటింట్లో కూర్చున్నాను. తర్వాత లేచి, అటక మీది సూట్‌కేసు దింపి దులిపాను.

నిన్న దీనమ్మ వదిన పనిగట్టుకుని వచ్చింది. వాళ్లబ్బాయి డిగ్రీ అయిన దగ్గర్నుంచీ బెంగళూరు ఉద్యోగం కోసమే ఎదురుచూస్తున్నాడు.

"నువ్వు వద్దన్న ఊరే వచ్చింది కదా వదినా" అంది. "మావాడికి బెంగళూరు వద్దని ఒక్కసారి గట్టిగా ప్రార్థన చెయ్యి."

చేశాను. ఈ కిటుకు నాకు గురువారానికి ముందే తెలిసుంటే, వీధి వీధంతా వినపడేలా పూణే కావాలనే అడిగేదాన్ని.