షారన్ మోకాలికి ఏమీ కాలేదు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నానండీ. నేనొక్కదాన్నే కాదు, కెనడాలో, మిస్సిసాగాలోని మా తెలుగు చర్చి మొత్తం చేత మోయించాను. ఇప్పుడు చిన్న మనవరాలు పక్కన కూర్చుని నేను చెప్పింది టైప్ చేస్తోంది. రాత దానిది, తప్పు నాది.

పెద్ద మనవరాలు షారన్ కాలేజీ గుర్రపు స్వారీ టీములో ఉండేది. మా ఇంటావంటా గుర్రం ఎక్కినవాళ్లు లేరు. ఆ ఫొటోలు నేను చూపించని మనిషి లేడు. ఒక పోటీలో దూకాల్సిన అడ్డకర్ర ముందు గుర్రం టక్కున ఆగిపోయింది, షారన్ ఎగిరి అవతల పడింది. ఎముకలేమీ విరగలేదు. రెండు వారాల్లో మళ్లీ ఎక్కించారు.

ఒక శనివారం నేను చిక్కుళ్లు తుంచుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నానమ్మా, ఐ యామ్ నాట్ ఓకే. హార్స్ దగ్గరికెళ్తే చేతులు షేక్ అవుతున్నాయి. వామిట్ అవుతోంది. కాలేజీ కౌన్సెలర్ ఈ టర్మ్ రైడింగ్ ఆపమంది. డాడీకి నువ్వు చెప్పవా?"

"దెబ్బ ఎక్కడ తగిలిందే?"

"దెబ్బ కాదు. ఇన్ మై హెడ్."

"తలకా? హెల్మెట్ పెట్టుకున్నావుగా!"

అది నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అయింది.

"మనసు బాగోలేదంటే జనం పిచ్చి అంటారే. మోకాలని చెప్తాలే," అన్నాను.

"ఓకే నానమ్మా," అంది. ఇంకేమంటుంది?

కొడుక్కి మోకాలన్నాను. ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పమంటే లేచి మైకులోనూ మోకాలన్నాను. అందరూ కళ్లు మూసుకుని ఆ మోకాలి కోసం ప్రార్థించారు. ఆ పిల్ల తల వంచుకుని ఆమెన్ అంది. అప్పట్నుంచి చర్చిలో కుంటడం మొదలుపెట్టింది. నా మాట నిలబెట్టడానికి కుంటింది! ఆంటీలు ఊరుకుంటారా? "నువ్వులనూనె రాశావామ్మా?" అని ఒకరు, "మా వదినకీ ఇంతే" అని ఒకరు. వాళ్ల మీద ఒళ్లు మండేది నాకు. వాళ్లేం చేశారు పాపం?

స్కాన్ తీస్తే మోకాలు శుభ్రంగా ఉందన్నారు. మావాడు పొంగిపోయి, "ఇంకేం, వెళ్లి ప్రాక్టీస్ చెయ్," అన్నాడు. షారన్ నా వైపే చూసింది. అప్పుడైనా నోరు తెరవొచ్చుగా? లేచి సింకులో గిన్నెలు కడిగాను. తర్వాతి ఆదివారం దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండానే లాయంలో గుర్రం పక్కన నేల మీద ముడుచుకుని కూర్చుండిపోయిందట. కోచ్ వచ్చి లేపినా లేవలేదట. చదువు ఆపేసి వాంకూవర్ వెళ్లిపోయింది. అక్కడ డాక్టరు దగ్గరికి వెళ్తోందని చిన్నది చెప్పింది. మావాడు మాత్రం దానిది బద్ధకం అంటూనే ఉన్నాడు. అన్నప్పుడల్లా నాకు మండిపోతుంది. ఎవరి మీద? వాడి చేత అలా అనిపించింది నేనే కదా.

ఎందుకు చేశాను? పరువు కోసమే అనుకునేదాన్ని. అదొక్కటే కాదు. నాకు గుర్రం మీద ఉన్న మనవరాలు కావాలి. కింద పడ్డ మనవరాలు అక్కర్లేకపోయింది.

ఈ పొద్దున మావాడికి చెప్పేశాను. కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఇది షారన్‌కి పంపిస్తాను. చదువుతుందో లేదో. క్షమించమని అడగను, అది కూడా దాని నెత్తినే పెట్టినట్టవుతుంది.

సాయం కావాలని దాని నోటితోనే విన్నాను. తెలిసే దాచాను.

చిన్నది టైప్ చెయ్యడం ఆపేసి నన్నే చూస్తోంది. చూడు, చూడు. చూసి అది కూడా రాయి.